డబుల్ యాక్షన్ ఫోటోకి గింప్ 3 చాలు, ట్రైపాడ్ ఉంటే

ఒకే మనిషి సోఫాలో కూర్చుని పేపర్ చదువుతుంటాడు, పక్కనే నిలబడి తనకు తానే టీ గ్లాసు అందిస్తుంటాడు. ఇలాంటి డబుల్ యాక్షన్ ఫోటో చేయాలంటే నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ తీసుకోవాలా అని చాలామంది అడుగుతుంటారు. అక్కర్లేదు. ఈ పనికి గింప్ 3 అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ పూర్తిగా సరిపోతుంది. దానికి లేని సౌకర్యాలు రెండున్నాయి. ఒకే మనిషిని రెండు చోట్ల పెట్టి తీసిన రెండు ఫ్రేములను (ఫోటోలను) తనంతట తానే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టలేదు. మనిషిని ఒక్క నొక్కుతో కత్తిరించి ఇవ్వలేదు. ఫోటో తీసేటప్పుడు జాగ్రత్త పడితే ఈ రెండింటి అవసరం దాదాపు రాదు. అందుకే ఈ రివ్యూలో కెమెరా దగ్గర జరిగే పనికి కూడా చాలా చోటిచ్చాను. అది పక్కనపెట్టి గింప్‌ని తూకం వేస్తే తూకం తప్పు వస్తుంది.

గింప్‌ని 1995లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టారు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది, ఉచితం. 2018లో 2.10 వచ్చాక మళ్ళీ పెద్ద వెర్షన్ 3.0 రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. డౌన్‌లోడ్ మాత్రం గింప్ సొంత వెబ్‌సైట్ నుంచే చేసుకోండి. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనల లింకులు నొక్కొద్దు.

ముందు కెమెరా సంగతి. రెండు ఫ్రేముల మధ్య మనిషి తప్ప ఇంకేదీ మారకూడదు. ట్రైపాడ్ తప్పనిసరి. లేకపోతే కెమెరాను కదలని బల్ల మీద పెట్టి, షట్టర్ చేత్తో నొక్కకుండా పది సెకన్ల టైమర్ వాడండి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో ఉండాలి. వీటిలో చాలామంది మర్చిపోయేది రంగుల ఛాయని సర్దే వైట్ బ్యాలెన్స్. ఆటోలో వదిలేస్తే ఎర్ర చీర కట్టుకున్న మనిషి ఫ్రేములో ఎడమవైపున్నప్పుడు గోడ ఒక రంగులో, కుడివైపున్నప్పుడు ఇంకో రంగులో వస్తుంది. ఆ తేడా రెండు ఫ్రేములూ కలిసే అతుకు దగ్గర నిలువు గీతలా కనిపిస్తుంది.

ఇంట్లో ట్యూబ్‌లైట్ వెలుగులో తీస్తే షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెట్టండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపం సెకనుకి 100 సార్లు మినుకుతుంది. 1/250 పెడితే ఒక్కో ఫ్రేము ఆ మినుకులో ఒక్కో దశని పట్టుకుంటుంది. ఒకటి కాస్త వెలుగ్గా, ఇంకొకటి కాస్త మసకగా, ఒక్కోసారి అడ్డచారలతో వస్తుంది. అపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 దగ్గర ఉంచితే మామూలు గదిలో ముందున్నవాడూ వెనకున్నవాడూ ఇద్దరూ స్పష్టంగా ఉంటారు. వెలుగు చాలకపోతే ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచండి, షట్టర్ మార్చకండి. కిటికీ వెలుగైతే మబ్బు అడ్డం రాకముందే అన్ని ఫ్రేములూ వరసగా, గబగబా తీసేయాలి. ఫ్యాన్ ఆపండి. కర్టెన్‌కి ఏదైనా క్లిప్పు పెట్టండి. కదిలిన కర్టెన్ సరిగ్గా అతుకు మీద పడితే దాన్ని కలపడం గింప్‌లోనే కాదు, ఎక్కడైనా విసుగు పుట్టించే పని.

ఫోన్‌తో తీసేవాళ్ళు ప్రో మోడ్ వాడాలి. మామూలు మోడ్‌లో వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసినా, ఫోన్ లోపల జరిగే హెచ్‌డీఆర్ ఒక్కో ఫ్రేములో నీడల్నీ వెలుగుల్నీ ఒక్కోలా సర్దుతుంది. మనిషి ఎటు జరిగితే అటు గోడ తేలికపడటమో, ముదరడమో జరుగుతుంది. ఆ తేడా ఫ్రేమంతా ఒకేలా ఉండదు కాబట్టి తర్వాత ఒక్క సర్దుబాటుతో పోదు. పోర్ట్రెయిట్ మోడ్ అసలే వద్దు. తీసిన ఫోటోలను లాప్‌టాప్‌కి కేబుల్‌తో ఎక్కించండి. వాట్సాప్‌లో పంపుకోవాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, గోడల మీద గడులు తేలతాయి.

ఇద్దరిని తీయడానికి కనీసం మూడు ఫ్రేములు కావాలి: ఎడమవైపు మనిషి, కుడివైపు మనిషి, మనిషే లేని ఖాళీ గది. మూడోది చాలాసార్లు వాడాల్సిన పని పడదు. పడినప్పుడు మాత్రం దాని బదులు ఇంకేదీ పనికిరాదు. ఇక చూపు సంగతి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నట్టు రావాలంటే ఎదుటివాడి కళ్ళు ఉండాల్సిన ఎత్తులో ఏదో ఒక గుర్తు పెట్టాలి. కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కంటి ఎత్తు నేల నుంచి సుమారు 115 నుంచి 120 సెంటీమీటర్లు. ఒక స్టాండుకి ఆ ఎత్తులో టేపు అంటించి దాన్ని చూడమంటే సరి. గాలిలోకి చూడమంటే అందరూ కాస్త పైకే చూస్తారు, అప్పుడు ఇద్దరు అపరిచితులు పక్కపక్కన నిలబడినట్టుంటుంది. పాదాలు పెట్టే చోటు కూడా నేల మీద టేపుతో గుర్తు పెట్టుకుని, షట్టర్ నొక్కేముందు టేపు తీసేయండి.

ఇక గింప్. ఫైల్ మెనూలో ఓపెన్ యాజ్ లేయర్స్ నొక్కి (కంట్రోల్, ఆల్ట్, ఓ మూడూ కలిపి) రెండు ఫ్రేములనూ ఒకేసారి ఎంచుకుంటే ఒకే బొమ్మలో ఒకదాని మీద ఒకటి రెండు లేయర్లుగా (పొరలుగా) వచ్చి కూర్చుంటాయి. మాస్క్ (లేయర్‌లో ఏ భాగం కనిపించాలో చెప్పే ముసుగు) జోలికి వెళ్ళేముందు పై లేయర్ మోడ్‌ని నార్మల్ నుంచి డిఫరెన్స్‌కి మార్చండి. రెండు ఫ్రేములూ ఒకేలా ఉన్నచోటల్లా నల్లగా అవుతుంది, తేడా ఉన్నచోటే వెలుగు కనిపిస్తుంది. ఇద్దరు మనుషులూ వింత రంగుల్లో తేలి, మిగతా గది అంతా చీకటైతే మీ ట్రైపాడ్ తన పని తాను చేసినట్టే. తలుపు చట్రం, టైల్స్ గీతలు, పుస్తకాల అంచులు సన్నని మెరుపుగీతల్లా కనిపిస్తే కెమెరా కదిలింది. 1 నొక్కి వంద శాతం జూమ్‌కి వెళ్ళి, మూవ్ టూల్ పట్టుకుని బాణం కీలతో ఒక్కో పిక్సెల్ జరపండి. గీతలు ఆరిపోయాక మోడ్‌ని మళ్ళీ నార్మల్‌కి తెండి. ఈ ఒక్క పరీక్ష చేసుకోకపోవడం వల్లే చాలామంది చివర్లో గోడకున్న ఫోటో ఫ్రేమ్ విరిగినట్టు కనిపిస్తోందని తలపట్టుకుంటారు.

ఫ్రేములు కొంచెం తిరిగి ఉన్నా, ఫోకస్ మారి సైజు రవ్వంత తేడా వచ్చినా బాణం కీలతో కుదరదు. ఇక్కడ గింప్ నిజంగా వెనకబడి ఉంది. ఫోటోషాప్‌లో లేయర్లను తనంతట తానే కలిపే ఆదేశం ఉంది, గింప్‌లో లేదు. దీనికి మందు హ్యూగిన్ అనే ఉచిత పనోరమా ప్రోగ్రామ్. దానితో పాటే అలైన్ ఇమేజ్ స్టాక్ అనే చిన్న కమాండ్ వస్తుంది. రెండు ఫ్రేములూ ఇస్తే సరిచేసిన టిఫ్ ఫైళ్ళు ఇస్తుంది, వాటిని గింప్‌లో తెరుచుకోవచ్చు. అయితే కెమెరా ఉన్నచోటే తిరిగితే కుదురుతుంది గానీ పక్కకి జరిగితే దీనివల్లా కాదు. దగ్గరి సోఫా, దూరపు గోడ వేర్వేరు దూరాలు జరిగి ఉంటాయి. ఒకటి కుదిరితే రెండోది తప్పుతుంది. మళ్ళీ తీసుకోవడమే దారి.

పై లేయర్ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ లేయర్ మాస్క్ ఎంచుకుని, అందులో వైట్ అన్నది పెట్టండి. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట పై ఫ్రేము కనిపిస్తుంది, నలుపు పూసినచోట కింది ఫ్రేము బయటపడుతుంది, బూడిద రంగైతే రెండూ కలిసి కనిపిస్తాయి. ఫిల్మ్ రోజుల్లో దీన్నే లెన్స్ ముందు నల్ల అట్ట పెట్టి చేసేవాళ్ళు. సగం మూసి ఒక ఎక్స్‌పోజర్, ఫిల్మ్ జరపకుండా రెండో సగం మూసి ఇంకో ఎక్స్‌పోజర్. రెండుసార్లూ మూసిన భాగాలు ఒకదాని మీదికి ఒకటి వస్తే ప్రింటు మధ్యలో నల్లచార, మధ్యలో సందు మిగిలితే తెల్లచార. అది కడిగేదాకా తెలిసేది కాదు. ఇప్పుడు తప్పు చేసిన క్షణమే కళ్ళముందు కనిపిస్తుంది, ఎక్స్ కీ నొక్కి రంగు మార్చి తెలుపు పూస్తే పోతుంది. ఎరేజర్‌తో ఇదే పని చేయబోయేవాళ్ళకి గట్టిగా చెబుతున్నాను, వద్దు. ఎరేజర్ చెరిపింది అన్‌డూ అందినంతవరకే తిరిగొస్తుంది. మాస్క్‌లో పూసింది వారం తర్వాతైనా వెనక్కి తీసుకోవచ్చు.

అతుకు ఎక్కడ వేయాలన్నదే అసలు మెలకువ. మనిషి అంచు వెంబడి వేయకండి. జుట్టు, చీర కుచ్చిళ్ళు, కళ్ళజోడు అంచు వెంట బ్రష్ తిప్పడం మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని, పైగా కాగితపు బొమ్మ అంటించినట్టుంటుంది. ఇద్దరి మధ్యా ఉన్న ఖాళీ గోడ మీదుగా, ఖాళీ నేల మీదుగా అతుకు పోనివ్వండి. రెండు ఫ్రేముల్లోనూ అక్కడ ఉన్నది అదే గోడ కాబట్టి ఎంత మొరటుగా పూసినా తెలియదు. జుట్టు చుట్టూ ఉన్న గోడ కూడా ఆ ఫ్రేములోదే ఉంటుంది, ఒక్క వెంట్రుక కూడా కత్తిరించక్కర్లేదు. హార్డ్‌నెస్ 050 బ్రష్‌ని మూడు నాలుగు వందల పిక్సెల్స్ సైజులో పెట్టి, ముందువైపు రంగు నలుపు చేసుకుని పూస్తూ పోవడమే. మధ్యలో ఒక జానెడు ఖాళీ గోడ పైనుంచి కిందిదాకా ఉంటే బ్రష్ కూడా అనవసరం. గ్రేడియంట్ టూల్‌తో మాస్క్ మీద నలుపు నుంచి తెలుపుకి అడ్డంగా ఒక గీత లాగండి. నూటయాభై, రెండు వందల పిక్సెల్స్ వెడల్పున రెండు ఫ్రేములూ ఒకదానిలోకి ఒకటి కరిగిపోతాయి. వెలుగులో ఉన్న కొద్దిపాటి తేడానీ అదే మింగేస్తుంది.

ఇక్కడ కొత్తవాళ్ళని తికమకపెట్టే విషయం ఒకటుంది. లేయర్ల పట్టీలో ఫోటో చిన్నబొమ్మ, మాస్క్ చిన్నబొమ్మ పక్కపక్కనే ఉంటాయి. ఏది నొక్కి ఉంటే బ్రష్ దాని మీద పూస్తుంది. గోడ మీద నిజంగానే నల్లరంగు పడిందంటే మీరు మాస్క్ మీద లేరు. అన్‌డూ కొట్టి మాస్క్ బొమ్మ మీద నొక్కండి. పూత అయ్యాక ఆల్ట్ పట్టుకుని మాస్క్ బొమ్మ నొక్కితే మాస్క్ ఒక్కటే తెర నిండా కనిపిస్తుంది, దాని అంచు ఆకుపచ్చగా మారుతుంది. నల్లటి భాగంలో మిగిలిపోయిన బూడిద మరకలు అప్పుడు దొరుకుతాయి. తుది ఫోటోలో గాలిలో తేలే మోచేయి ముక్క, సగం మాయమైన చెప్పు, ఎవరిదో తెలియని నీడ వచ్చేది వీటి వల్లే. కంట్రోల్ పట్టుకుని నొక్కితే మాస్క్ తాత్కాలికంగా ఆగి అంచు ఎర్రగా అవుతుంది, ముందు వెనకలు పోల్చుకోవచ్చు. లినక్స్‌లో కొన్నిచోట్ల ఆల్ట్ నొక్కును డెస్క్‌టాప్ తనే లాగేసుకుంటుంది, అప్పుడు లేయర్ మెనూలోని మాస్క్ ఉపమెనూకి వెళ్ళి షో లేయర్ మాస్క్ ఎంచుకోవాలి.

ఒకవైపు గోడ ఇంకా ముదురుగా ఉంటే కలర్ పిక్కర్‌తో ఒకే చోట రెండు లేయర్లలోనూ విలువలు చూడండి. 0 నుంచి 255 దాకా ఉండే ఆ విలువల్లో రెండు మూడు తేడా అయితే పట్టించుకోకండి. పది దాటితే కలర్స్ మెనూలో లెవెల్స్ తెరిచి మధ్యనున్న గుండీని అటూ ఇటూ జరపాలి. 3.0లో మనకి కలిసొచ్చిన మార్పు ఇక్కడే ఉంది. లెవెల్స్, కర్వ్స్ లాంటివి ఇప్పుడు ఫోటోని శాశ్వతంగా మార్చవు. లేయర్ పక్కన ఎఫ్ఎక్స్ గుర్తుగా ఉండిపోతాయి, ఎప్పుడైనా తెరిచి అంకెలు మార్చుకోవచ్చు. 2.10లో ఓకే కొడితే అంతే సంగతులు, రంగు కుదరకపోతే వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదటి నుంచి చేసుకోవాల్సి వచ్చేది. పాత వెర్షన్ వాడుతున్నవాళ్ళు మారడానికి ఈ ఒక్క కారణం చాలు.

నీడల దగ్గరే చాలా ఫోటోలు దొరికిపోతాయి. మనిషిని ఉంచుతూ అతని నీడని మాస్క్‌లో పోగొడితే మనిషి నేల మీద తేలుతున్నట్టుంటాడు. కాబట్టి పాదాల దగ్గర బ్రష్‌ని దూరంగా తిప్పండి. పాలిష్ గ్రానైట్, మెరిసే టైల్స్ ఉన్న ఇళ్ళలో నీడతో పాటు ప్రతిబింబం కూడా ఉంటుంది, అది పాదాల కింద నుంచి కెమెరా వైపు చాలా దూరం వస్తుంది. ఆపి ఉన్న టీవీ తెర, బీరువా అద్దం కూడా ఒకసారి చూసుకోండి. రెండు నీడలూ ఒకే చోట కలిసి పడినప్పుడు ఒక ఉపాయం ఉంది. పై లేయర్‌కి నకలు తీసి, దాని మోడ్ డార్కెన్ ఓన్లీ చేసి, దాని మాస్క్ పూర్తిగా నలుపు చేసి, నీడలు కలిసిన నేల మీద మాత్రమే తెలుపు పూయండి; అసలు లేయర్ మాస్క్‌లో అదే చోట నలుపు ఉండాలి. రెండు ఫ్రేముల్లో ఏది ముదురైతే అది నిలుస్తుంది, రెండు నీడలూ ఉంటాయి. ఇదే పనికి మల్టిప్లై మోడ్ వాడితే కలిసినచోట రెట్టింపు నలుపు వస్తుంది. ఒకే దీపం ఉన్న గదిలో అలా ఎప్పుడూ జరగదు, చూసేవాళ్ళకి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది. ఒకరి నీడ రెండోవాడి ఒంటి మీద పడాల్సి ఉంటే మాత్రం ఎడిటింగ్‌లో చేయగలిగింది తక్కువ. అలా పడకుండా వెలుగు ఇద్దరికీ ఎదురుగా ఉండేట్టు ముందే నిలబెట్టాలి.

ఇద్దరూ తాకే ఫోటోలు వేరే స్థాయి పని. టీ గ్లాసు అందించేదైతే తేలికే. గ్లాసు ఒక్క ఫ్రేములోనే ఉండాలి. అందుకునే చెయ్యి గ్లాసుకి రెండు మూడు వేళ్ళ దూరంలో ఆగిపోవాలి, ఆ సందులోంచి అతుకు పోతుంది. భుజం మీద చెయ్యి వేసేదైతే ఇంకో మనిషి సాయం కావాలి. మొదటి ఫ్రేములో మన మనిషి నిలబడి, కూర్చున్న సాయం మనిషి భుజం మీద చెయ్యి వేస్తాడు. రెండో ఫ్రేములో మన మనిషి అదే కుర్చీలో అదే భంగిమలో కూర్చుంటాడు, సాయం మనిషి అదే చోట చెయ్యి వేసి నొక్కుతాడు. చొక్కా నిజంగా నలిగి ఉంటుంది కాబట్టి, మొదటి ఫ్రేములోని వేళ్ళు దాని మీద పెడితే బరువు కనిపిస్తుంది. ఒట్టి భుజం మీద చెయ్యి అంటిస్తే ఎంత శుభ్రంగా కత్తిరించినా గాలిలో ఉన్నట్టే ఉంటుంది. అంచు కోసం పాత్స్ టూల్‌తో మణికట్టు నుంచి వేలి చివర్ల దాకా గీత గీసి, సెలక్షన్‌గా మార్చి, ఒకటి రెండు పిక్సెల్స్ ఫెదర్ ఇచ్చి (అంచు మెత్తబరిచి) మాస్క్‌లో నింపండి. గింప్‌లో ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్ అనే టూల్ కూడా ఉంది, మనిషి మీద రఫ్‌గా గీస్తే లెక్కవేసి అంచు ఇస్తుంది. పెద్ద ఫోటోల మీద నెమ్మదిగా నడుస్తుంది, గోడ రంగూ చొక్కా రంగూ దగ్గరగా ఉంటే తప్పుతుంది. ఫోటోషాప్‌లో ఒక్క నొక్కుతో మనిషిని ఎంచి ఇచ్చే సెలెక్ట్ సబ్జెక్ట్ పనితో దీన్ని పోల్చలేం.

ఫోన్‌లోనే అయిపోవాలనుకునేవాళ్ళకి స్నాప్‌సీడ్ అనే యాప్ ఉంది. డబుల్ ఎక్స్‌పోజర్‌లో రెండో ఫోటో చేర్చి, ఒపాసిటీ (ఆ ఫోటో ఎంత గట్టిగా కనిపించాలన్నది) గుండీని పూర్తిగా కుడికి జరిపి, ఓకే చేసి, వ్యూ ఎడిట్స్‌లోకి వెళ్ళి ఆ అంచె మీద బ్రష్‌తో కావాల్సిన సగం పూయాలి. ఒపాసిటీ మధ్యలో వదిలేస్తే దయ్యంలా పారదర్శకమైన మనిషి వస్తాడు, చాలామంది అక్కడే ఆగిపోయి ఈ యాప్‌తో కాదనుకుంటారు. ఖాళీ గోడ ముందు ఎడంగా నిలబడిన ఇద్దరికి ఇది బాగానే పనిచేస్తుంది. నీడలు కలిస్తే, చేతులు తాకితే చాలదు.

గింప్ మీద నా ఫిర్యాదులు ఇంకో రెండు. ఆటోసేవ్ లేదు. డెస్క్‌టాప్ మీద పనిచేస్తూ కరెంటు పోతే చివరిసారి సేవ్ చేసినదాకానే మిగులుతుంది, కాబట్టి కంట్రోల్ ఎస్ అలవాటు చేసుకోండి. రెండోది, సేవ్ అంటే ఎక్స్‌సీఎఫ్ అనే సొంత ఫార్మాట్‌లోనే సేవ్ చేస్తుంది. జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ యాజ్‌కి వెళ్ళాలి, క్వాలిటీ 90 కంటే తగ్గించొద్దు. లేయర్లూ మాస్కూ ఉండేది ఎక్స్‌సీఎఫ్‌లోనే, కాబట్టి జేపెగ్ తీసుకున్నాక కూడా దాన్ని డిలీట్ చేయకండి. 24 మెగాపిక్సెల్ ఫోటో ఒక్కో లేయర్ మెమరీలో దాదాపు 100 ఎంబీ తీసుకుంటుంది, అన్‌డూ చరిత్ర దానికి అదనం. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో రెండు మూడు లేయర్ల పని హాయిగా సాగుతుంది. 4 జీబీ అయితే ముందు రెండు ఫ్రేములనూ ఒకే కొలతకి సగానికి తగ్గించుకుని మొదలుపెట్టండి.

నెలకో రెండు నెలలకో ఇలాంటి ఫోటో సరదాగా చేసుకునేవాళ్ళు, ఇప్పుడే మాస్కింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు గింప్ తప్ప ఇంకోటి చూడక్కర్లేదు. పెళ్ళి ఆల్బమ్‌ల పని చేస్తూ, ట్రైపాడ్ లేకుండా జనం మధ్యలో తీసిన ఫ్రేముల నుంచి మనుషుల్ని కత్తిరించి కలపాల్సిన స్టూడియోవాళ్ళకి మాత్రం ఫోటోషాప్ చందా గిట్టుబాటు అవుతుంది. వాళ్ళకి కావాల్సినవి సరిగ్గా గింప్‌లో లేని ఆ రెండు సౌకర్యాలే.